అన్నం మానే ముందు మాత్రల సంగతి చూడండి

మైపాడు మొదలు తుమ్మలపెంట దాకా తీరాన చేపల పులుసు పక్కన అన్నం గిన్నె లేని ఇల్లు అరుదు. మొలగొలుకులకు పేరుపడ్డ జిల్లా ఇది. ఇటువంటి చోట అన్నం పూర్తిగా మానేసి కొవ్వు తిని ఉండమంటే వింతగానే ఉంటుంది. కాని 2017, 2018 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ సభలు పెట్టి చెప్పిన కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ల పద్ధతి తెలుగునాట చాలామందికి తెలుసు. వైద్యులు పలువురు అప్పుడే అభ్యంతరం చెప్పారు. కీటో ఆహారానికి అది దగ్గరి చుట్టం.

కీటో కొత్తదేమీ కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని సూచించాడు. మందులకు లొంగని పిల్లల మూర్ఛకు నేటికీ వైద్యుల పర్యవేక్షణలో వాడుతున్నారు.

పిండిపదార్థం అందకపోతే కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చి శరీరాన్ని నడిపిస్తుంది. అందుకు రోజుకు పిండిపదార్థం 20 నుంచి 50 గ్రాములు దాటరాదు. వంద గ్రాముల బియ్యంలోనే 80 గ్రాముల దాకా ఉంటుంది. రాత్రికి నాలుగు ముద్దలేగదా అంటే కుదరదన్నమాట. అన్నం మాని చేపలు ఎక్కువ తిన్నా అది కీటో కాదు. చేపలో ముఖ్యంగా ఉండేది మాంసకృత్తులు. దీనికి కావలసింది కొవ్వు. నూనె, వెన్న, గుడ్లు రోజూ కొనాలంటే రేషను బియ్యంతో నడిచే సంసారానికి భారమే.

లాభం లేదనలేము. బరువు తగ్గుతుంది, షుగరు దిగుతుంది. అయితే మొదటి వారం తగ్గేది చాలావరకు నీరే. ఏడాది తిరిగేసరికి ఇతర పద్ధతులు పాటించినవారికీ వీరికీ బరువులో పెద్ద తేడా కనిపించడం లేదు. కొందరిలో చెడు కొలెస్టరాలు పెరుగుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు పడవచ్చు.

అసలు ప్రమాదం షుగరు మాత్రల దగ్గర. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పవచ్చు. ఇంట్లో అయితే పంచదార నోట్లో వేసేవారుంటారు. వేకువన పడవెక్కి నడి సముద్రంలో వల లాగే మనిషికి ఎవరు దిక్కు? పైగా ఈ ఆహారంలో మొదటి రోజుల్లో నీటితోపాటు ఉప్పూ ఒంట్లోంచి పోతుంది. బి.పి. మాత్ర వేసుకుని ఎండలో పనిచేసేవారికి కళ్లు తిరుగుతాయి.

మాత్రల అట్ట మీద పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే మరీ జాగ్రత్త. షుగరు పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే తిన్నది పడలేదనుకుని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారు దీని జోలికి పోరాదు. చిన్ననాటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవారూ అంతే. మిగతావారు ఆరంభించే ముందే మాత్రల అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. మోతాదు ఎంత తగ్గించాలో ఆయనే చెబుతారు. సొంతంగా మాత్రలు మానడమూ ప్రమాదమే. షుగరు మందు వాడేవారు పడవలో కాస్త పంచదార పొట్లం ఉంచుకోవాలి, కీటో పాటించినా పాటించకపోయినా.