గాల్లో వుండగా కత్తెర వెయ్యకండి!

“అన్నయ్యా, వీడు నిజంగా దూకాడా? లేక దూకినట్టు నువ్వు అతికించావా?”

మా పిన్ని కొడుకు వేసిన ఈ ఒక్క ప్రశ్నతో నా నాలుగు రాత్రుల శ్రమ గంగలో కలిసింది. వాడికి పదహారేళ్ళు. స్కేట్‌బోర్డు ఎక్కి ఎరగడు. ఆ మాటకొస్తే నేనూ ఎక్కలేదు! నా స్కేటింగంతా వీడియో గేములోనే. ‘స్కేట్ 3’ ఆటలో నేను చేసిన ఫీట్లన్నీ ఏరి, పాట కలిపి, ఆరు నిమిషాల మాంటేజ్ తయారుచేశాను. పెద్ద డైరెక్టరు ప్రివ్యూ వేసినంత దర్జాగా వాణ్ణి కూర్చోబెట్టి చూపించాను. రెండో నిమిషానికే వాడి చెయ్యి సెల్‌ఫోన్ మీదికి పోయింది. ఆఖర్న ఆ ప్రశ్న!

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలుసా? వాడు దొంగని పట్టేశాడు కాబట్టి. చివర్లో పొడుగాటి మెట్ల పక్కన ఇనప రెయిలింగ్ మీద జారి దిగే ఫీటు వుంది చూశారూ, అది నేను చెయ్యలేదు. ఒకసారి ఎక్కటం బాగా వచ్చింది, దిగటంలో పడ్డాను. ఇంకోసారి ఎక్కటం వంకర, దిగటం బాగుంది. ఆ సగం, ఈ సగం తెచ్చి మధ్యలో కోణం మార్చి అతికించాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. బోర్డు ముట్టుకోనివాడికి కూడా తెలిసిపోయింది!

మన సినిమాల్లో హీరో మేడ మీంచి దూకే సీను గుర్తు తెచ్చుకోండి. దూకబోయే మొహం ఒక షాటు. గాల్లో వీపు ఒక షాటు. కింద ఆనిన కాళ్ళు ఒక షాటు. మధ్య షాటులో వున్నది డూప్ అని మనకి తెలుసు. అయినా ఈల వేస్తాం. మనం చూసేది హీరోని గాని దూకుడుని కాదు. స్కేటింగు వీడియోలో అలా కుదరదు. అక్కడ దూకుడే హీరో!

మెట్లు మెట్లే, కత్తెర వేరు

మాంటేజ్ అనగానే సినిమా చదువుకున్నవాళ్ళు ఐసెన్‌స్టీన్ పేరెత్తుతారు. ఆయన 1925లో తీసిన ‘బాటిల్‌షిప్ పొటెంకిన్’లో ఒడెస్సా మెట్ల ఘట్టం జగత్ప్రసిద్ధం. తుపాకులతో దిగే సైనికులు, పరుగెత్తే జనం, దొర్లిపోయే పసిబిడ్డ బండి! ముక్కలు ముక్కలుగా కోసి, ఆ మెట్లు దిగే కాలాన్ని అసలు కంటే ఎంతో సాగదీశాడు మహానుభావుడు.

స్కేటర్లకీ మెట్లంటే ప్రాణం. కాని వాళ్ళ సూత్రం సరిగ్గా తిరగబడింది. మెట్ల పైన కట్ చెయ్యి, మెట్ల కింద కట్ చెయ్యి, మెట్ల మీద మాత్రం కత్తెర పెట్టకు!

ఈ సూత్రం గేముల్లో పుట్టింది కాదు. వీడియో క్యాసెట్లలో పెరిగింది. స్టేసీ పెరాల్టా 1984లో ‘ది బోన్స్ బ్రిగేడ్ వీడియో షో’ తీశాడు. 1991లో ‘వీడియో డేస్’ తీసిన స్పైక్ జోన్జ్ తరవాత ‘బీయింగ్ జాన్ మాల్కోవిచ్’తో సినిమా డైరెక్టరయ్యాడు. అందులో బోర్డు తొక్కిన జేసన్ లీ సినిమా నటుడయ్యాడు. చూశారా, మన రంగానికీ వీళ్ళకీ ఎంత చుట్టరికమో!

‘వీడియో డేస్’లో మార్క్ గొంజాలెస్ భాగానికి హోరెత్తే పాట పెట్టలేదు. జాన్ కోల్ట్రేన్ జాజ్ పెట్టారు. ఆ సంగీతంలాగే మనిషీ తోచినట్టు తిరుగుతూ పోతాడు. మనమేమో కనిపించిన ప్రతిదానికీ డప్పుల మోత తగిలిస్తాం!

ఇక కెమెరా. 1995లో వచ్చిన సోనీ వీఎక్స్ 1000కి చేపకన్ను లెన్సు బిగించి, నేలకి జానెడెత్తున పట్టుకుని, స్కేటర్‌తో పాటు మరో బోర్డు మీద దౌడు తీస్తూ తీసేవారు. అలా తీస్తే మెట్ల ఎత్తు, మనిషి పాదం, బోర్డు చక్రం మూడూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. 2007లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తెచ్చిన మొదటి ‘స్కేట్’ గేము ఆ కెమెరానే కిందికి దించి మనకిచ్చింది, రీప్లే ఎడిటర్‌తో సహా. కెమెరా ఇచ్చింది సరే, నిజాయితీ మనమే తెచ్చుకోవాలి.

ఆటని బట్టి కోత

అన్ని గేములకీ ఒకే కోత పనికిరాదు. 1999లో వచ్చిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ తీసుకోండి. రెండు నిమిషాల గడువు. ఫీటు మీద ఫీటు గొలుసుకట్టుగా చెయ్యాలి. 2000లో రెండో భాగం ‘మాన్యువల్’ తెచ్చింది, అంటే రెండు చక్రాల మీద తూగుతూ పోవటం. 2001లో మూడో భాగం ‘రివర్ట్’ తెచ్చింది. దాంతో గొలుసు తెగకుండా ఊరంతా చుట్టెయ్యొచ్చు. కాని చివరి క్షణంలో పడితే ఆ గొలుసులో పోగేసిన పాయింట్లన్నీ గల్లంతు! అందుకే ఈ గేము క్లిప్పులో స్కోరు అంకెలు చెరిపెయ్యకండి. ఆ అంకెలే గుండెదడ.

‘స్కేట్’ వరస అలా కాదు. స్టిక్ కిందికి లాగి పైకి విదిలిస్తేనే బోర్డు ఎగురుతుంది. 2022లో పూర్తిగా విడుదలైన ‘సెషన్’లోనైతే ఒక్కో స్టిక్ ఒక్కో పాదం! ఒక్క చిన్న ఫీటుకే ఓ సాయంత్రం ఖర్చవుతుంది. ఇక్కడ అంకెలతో పని లేదు. మెట్ల దాకా వచ్చే దౌడు చూపించాలి. దిగాక తొణక్కుండా సాగిపోవటం చూపించాలి. ఆ రెండు సెకన్లు కోస్తే ఫీటు మిగులుతుంది, నమ్మకం పోతుంది.

దెబ్బ తగలని చోట దడ ఎలా?

అసలు చిక్కు ఇదీ. వీధిలో దూకేవాడి ఎముక విరుగుతుంది. గేములో విరిగేది బొమ్మ ఎముక. ఒక గుర్తు పెట్టుకుంటే చాలు, పడ్డ మరుక్షణం బటన్ నొక్కి మళ్ళీ మెట్ల పైకే రావచ్చు. మరి చూసేవాడు ఊపిరి ఎందుకు బిగబట్టాలి?

అందుకే పడటం కూడా చూపించాలి. బొమ్మ ఎగిరి గోడకి అతుక్కుపోయే నవ్వుల క్లిప్పులు కావు, అవి వేరే సరుకు. అదే మెట్ల దగ్గర, అదే ఫీటుకి, కొద్దిలో తప్పిపోయిన రెండు మూడు పతనాలు చాలు. నాలుగోసారి బోర్డు లేచేసరికి చూసేవాడి కాళ్ళు కూడా బిగుసుకుంటాయి. చక్రాల గరగర శబ్దం పాట కింద పూర్తిగా పాతెయ్యకండి. తాళం దెబ్బ ఎగిరేటప్పుడు కాదు, బోర్డు నేల తాకేటప్పుడు పడాలి. స్లో మోషన్ ఉప్పులాంటిది, చిటికెడు చాలు. బాగున్నవాటిలో రెండోది ముందు, అన్నిటికన్నా గొప్పది చివర!

ఇవన్నీ తెలిశాక ఏం చేశాననుకున్నారు? ఆరు నిమిషాలు నిమిషంన్నరకి దింపాను. చివరి దొంగ కట్ తీసేశాను. తీశాక అక్కడ గొయ్యి పడ్డట్టు ఖాళీ! దాన్ని పూడ్చటానికి వేరే దారి లేదు. మళ్ళీ ఆ మెట్ల దగ్గరికే వెళ్ళాను. మూడు సాయంత్రాలు. పడ్డాను, పడ్డాను, లెక్కపెట్టటం మానేశాను. మూడో రోజు రాత్రి బొమ్మ రెయిలింగ్ ఎక్కి, జారి, నేల మీద ఆని, కొంచెం ఊగి సాగిపోయింది. ఊగటం నాకు నచ్చలేదు. అయినా అలాగే వుంచాను. ఒకే షాటు. కత్తెర లేదు.

మా తమ్ముణ్ణి మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి సెల్‌ఫోన్ జేబులోనే వుంది. ఆఖరి ఫీటు అయ్యాక వాడు నాకేసి తిరిగి, “అన్నయ్యా, దిగేటప్పుడు ఊగావు!” అన్నాడు.

వాడు “ఊగాడు” అనలేదు, “ఊగావు” అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి, చెప్పండి?