క్రొత్త టైల్సు పరచిన పిదప మరుగుదొడ్డి కారుట: కారణము, నివారణము

స్నానాల గదికి క్రొత్త టైల్సు పరపించుట నేడు పట్టణములందును పల్లెలందును సామాన్యమైనది. నునుపైన నేలను కడుగుట సులభము. దానిపై మురికి నిలువదు. కాని పని ముగిసిన కొన్ని దినములకే కమోడు మొదట తడి కనబడుటయు, గదిలో దుర్గంధము పుట్టుటయు అనేక గృహములందు జరుగుచున్నది. అది టైల్సు లోపమని తలచి, గృహస్థుడు అంచు చుట్టును తెల్ల సిమెంటు పూయించి ఊరకుండును. పైకి తడి కనబడదు. కారుట మాత్రము మానదు. ఆ నీరు నేల క్రిందికి ఇంకుచునే యుండును.

కారణము

కమోడులోని వంపు గొట్టములో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండి, మురుగు వాయువును గదిలోనికి రానీయదు. నేలలోనికి దిగు రకపు కమోడులలో ఆ వంపు చివర మురుగు గొట్టపు నోటిలో అమరియుండును. పాత నేలపైననే సిమెంటు పరచి టైల్సు అతికించినచో నేలమట్టము సుమారు ఒక అంగుళము పెరుగును. కమోడు ఆ మేరకు పైకి లేచును. గొట్టపు నోరు పాత మట్టముననే నిలుచును. కావున కమోడు మూతి గొట్టములోనికి చాలినంత దిగదు. ఆ సందును సిమెంటుతో పూడ్చినను, మనుష్యులు కూర్చుండి లేచునపుడు కలుగు కదలికకు అది బీటలు వారును.

అపాయము

ఇట్లు కారునది మలముతో కలిసిన నీరు. కలరా, టైఫాయిడు, ఎ, ఇ రకముల కామెర్లు ఇట్టి నీటి మూలముననే వ్యాపించును. 1955 డిసెంబరు, 1956 జనవరి మాసములలో ఢిల్లీ నగరపు త్రాగునీటిలో మురుగు కలిసినందున వేలకొలది జనులకు కామెర్లు సోకెను. నగరమునకు కలిగిన ఆపద చిన్న రూపమున ఒక ఇంటికిని కలుగవచ్చును. నేలలో ఇంకిన మురుగు, సమీపముననున్న నీటి సంపు గోడ బీటల గుండ లోనికి చేరవచ్చును. మేడ ఇండ్లలో అది క్రింది వారి పైకప్పును తడుపును.

పరీక్ష

మొదట నేలను పొడిగుడ్డతో తుడిచి, ఫ్లష్ ట్యాంకునకు నీరు వచ్చు కుళాయిని కట్టివేయవలెను. పిదప కమోడులోని నీటిలో కొంత రంగు కలిపి అరగంట వేచియుండవలెను. అప్పుడే రంగునీరు బయటకు వచ్చినచో కమోడే పగిలియున్నదని భావము. రానిచో బకెట్టుతో నీరు కమోడులో పోయవలెను. అంతట మొదటిభాగమున రంగు కనబడినచో దోషము క్రింది అతుకులో నున్నది. రంగు లేని నీరు మాత్రమే కనబడుచుండినచో ట్యాంకును, దాని గొట్టమును పరీక్షింపవలెను.

మరమ్మతు

క్రింది అతుకు చెడినప్పుడు కమోడును ఎత్తక తప్పదు. ట్యాంకును, కమోడును ఖాళీ చేసి, మరలను విప్పి, ఇద్దరు మనుష్యులు దానిని నిటారుగా ఎత్తవలెను. గొట్టపు నోటిలో గుడ్డ కుక్కి, పాత సిమెంటు నంతయు గీకి తీయవలెను. తరువాత ఆ గొట్టమునకు సరిపడు అతుకుముక్కను జోడించి, నోటిని క్రొత్త నేలమట్టమునకు తేవలెను. గుడ్డను తీసివేసి, క్రొత్త రబ్బరు వాషరును అమర్చి, కమోడును తిన్నగా దింపవలెను. రెండు ప్రక్కల మరలను కొంచెము కొంచెముగా మార్చి మార్చి బిగింపవలెను. అతిగా బిగించినచో పింగాణి పగులును. అంచుకు సిమెంటు పూయునపుడు వెనుక వైపున చిన్న సందు విడుచుట మంచిది. మరల కారినచో వెంటనే తెలియును.

పని చేయువారు రబ్బరు చేతితొడుగులు ధరించి, ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. నేలను బ్లీచింగు పొడి నీటితో కడుగవలెను. కాని టైల్సు కడుగు యాసిడ్‌తో బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు. ఆ రెండును కలిసినచో ప్రాణాపాయకరమగు క్లోరిన్ వాయువు వెలువడును.

ముందుచూపు

టైల్సు పరపింపదలచిన గృహస్థుడు మేస్త్రీని, ప్లంబరును ముందుగనే ఒకచోట కూర్చి, గొట్టపు నోటిని ఎంత పెంపవలెనో నిర్ణయింపవలెను. కమోడును బిగించిన పిదప పది పండ్రెండు బకెట్ల నీరు పోసి పరీక్షించి, అటుపిమ్మటనే కూలి చెల్లింపవలెను. నేల అందముగా నుండుట మంచిదే. దాని క్రింద పొడిగా నుండుట ఇంటిల్లిపాది ఆరోగ్యమునకు అంతకంటెను ముఖ్యము.