పాటలు గదిలో... స్పీకర్లు హాల్లో!

పాటలన్నీ కంప్యూటర్లో ఉంటాయి. ఇల్లంతా మోగించే స్టీరియో ఏమో హాల్లో ఉంటుంది. మధ్యలో ఉన్నవి రెండు గోడలే! వాటిని దాటించలేకే ఎన్నో ఇళ్లలో పాటలు కంప్యూటర్ పక్కనున్న బుల్లి స్పీకర్లతో సరిపెట్టుకుంటున్నాయి. వైరు లాగక్కర్లేదు, గోడకు బెజ్జం పెట్టక్కర్లేదు. ఇంట్లో వై-ఫై ఉంటే చాలు.

'ఫోన్లో యాప్ ఉండగా ఇంత తంటా ఎందుకు?' అంటారా? కొత్త సినిమా పాటలకైతే అదే హాయి. కానీ పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ఊరి హరికథ, పెళ్లిలో రికార్డు చేసిన సన్నాయి, నాయనమ్మ పాడిన లాలిపాట ఏ యాప్‌లో దొరుకుతాయి? అవి ఉన్నది మన హార్డ్‌డిస్క్‌లోనే. ఇంటిల్లిపాదీ కూర్చుని వాటిని వినడానికే ఈ ఏర్పాటు.

తెల్లడబ్బా వచ్చిన వేళ

ఈ ముచ్చట కొత్తదేం కాదు. 2003లో స్లిమ్ డివైసెస్ అనే అమెరికా కంపెనీ 'స్క్వీజ్‌బాక్స్'ను తెచ్చింది. 2004 జూన్‌లో యాపిల్ సంస్థ 129 డాలర్ల ధరతో 'ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్'ను ప్రకటించింది. ఆ చిన్న తెల్లడబ్బాను గోడ ప్లగ్గులో గుచ్చి, స్టీరియోకి పిన్ను కలిపితే చాలు... కంప్యూటర్లో ఐట్యూన్స్ పాడే పాట హాల్లో వినిపించేది.

కిటుకు ఇదీ: కంప్యూటర్ అంకెల రూపంలో ఉన్న పాటను చిన్నచిన్న ముక్కలుగా పంపుతుంది. అవతలి పెట్టె వాటిని కాస్త ముందుగానే పోగేసుకుని ఆ తర్వాత వినిపిస్తుంది. మధ్యలో సిగ్నల్ ఓ క్షణం తడబడినా పాట తెగదు.

బ్లూటూత్ చాలదా?

ఒకే గదిలో అయితే చాలు. గోడ అడ్డొస్తే మాత్రం దానికి ఇబ్బందే. పైగా సీడీలోని సంగీతం సెకనుకు 1,411 కిలోబిట్లు. మామూలు బ్లూటూత్ పద్ధతి మోసేది 328 దాకానే. అందుకే పాటను కుదించి పంపుతుంది. వై-ఫైకి ఆ బాధ లేదు, ఉన్నది ఉన్నట్టే చేరవేస్తుంది.

ఇలా కలపండి

* స్టీరియో వెనక 'ఆక్స్' లేదా 'లైన్ ఇన్' అని రాసి ఉన్న ఎరుపు, తెలుపు రంధ్రాలు వెతకండి. 'ఫోనో' అని ఉన్నచోట పెట్టొద్దు. అది రికార్డ్ ప్లేయర్ కోసం. అందులో పెడితే పాట బొంగురుపోతుంది.

* పాటను అందుకునే పెట్టెగా 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ బోర్డు సరిపోతుంది. దానికో ఆడియో కార్డు తగిలించి, ఉచితంగా దొరికే 'పైకోర్‌ప్లేయర్' ఎక్కించాలి.

* పాటలున్న కంప్యూటర్లో 'లిరియన్ మ్యూజిక్ సర్వర్' వేసి, పాటల ఫోల్డర్ చూపించండి. ఇదీ ఉచితమే. వింటున్నంతసేపూ కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చుకోండి.

* రెండూ ఒకే వై-ఫైలో ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్ని బాగా దాటుతుంది కానీ మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతుంటే తడబడొచ్చు. అలాంటప్పుడు 5 గిగాహెర్ట్జ్‌కి మారి చూడండి.

ఇక సోఫాలో కూర్చుని ఫోన్‌తోనే పాట మార్చుకోవచ్చు.

కంపెనీ చేతులెత్తేస్తే?

అసలు జాగ్రత్త ఇక్కడే. స్లిమ్ డివైసెస్‌ను 2006లో కొన్న లాజిటెక్, 2012లో స్క్వీజ్‌బాక్స్‌కు మంగళం పాడింది. 2015లో వచ్చిన గూగుల్ 'క్రోమ్‌కాస్ట్ ఆడియో' తయారీ నాలుగేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. ఎయిర్‌పోర్ట్ పెట్టెల్ని యాపిల్ 2018లో ఆపేసింది.

అయినా పాత స్క్వీజ్‌బాక్సులు నేటికీ పాడుతున్నాయి! కారణం, వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉండటమే. కంపెనీ వదిలేసినా వాడేవాళ్లు వదల్లేదు. తామే మరమ్మతులు చేసుకుంటూ వచ్చారు. ఇప్పటి లిరియన్ అదే.

కాబట్టి పెట్టె కొనేముందు అందం, ధర ఒక్కటే చూడకండి. కంపెనీ లేకపోయినా అది పనిచేస్తుందా అని అడగండి. ఇంకోమాట... పెట్టె పోతే మరొకటి కొనుక్కోవచ్చు. నాయనమ్మ లాలిపాట పోతే మళ్లీ రాదు. స్పీకర్లు కలిపేముందే ఆ ఫోల్డర్‌ను మరో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి దాచండి. ఆ తర్వాత తీరిగ్గా పాట పెట్టుకోవచ్చు!