ముల్లు అరికాల్లో, బిళ్ళ గజ్జల్లో

చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడిచి అరికాల్లో తుమ్మముల్లు దింపుకుంటే, ఒకటి రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ముల్లు ఒకచోటైతే బిళ్ళ ఇంకోచోట ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకుంటే ఇమ్యునాలజీ చాలావరకు చేతికొచ్చినట్టే. మనం అలా మొదలుపెట్టం. కణాల పేర్లు, వాటి సీడీ నంబర్లు బట్టీపట్టి మూడో వారానికి పుస్తకం మూసేస్తాం. నేనూ మూశాను, రెండుసార్లు.

మూడోసారి నాకు దారి చూపింది కూడా ముల్లే. 1882లో శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెసీనాలో ఉన్నాడు. ఓరోజు ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి వెళ్తే, ఆయనొక్కడే మైక్రోస్కోపు దగ్గర కూర్చుని గాజులాంటి నక్షత్రచేప డింభకంలో అటూ ఇటూ తిరిగే కణాల్ని చూస్తున్నాడు. బయటిదేదైనా లోపలికి దిగితే ఇవే చుట్టుముడతాయేమో అనిపించింది. తోటలోంచి గులాబీముళ్లు తెచ్చి గుచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదట. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన వేలికి పట్టే చీములోనూ ఉండేది ఆ జాతే: వచ్చి, మింగి, చచ్చిన తెల్లకణాలు.

ఇది పుట్టుకతో వచ్చిన కాపలా. వచ్చిందెవరో దీనికి పెద్దగా పట్టదు, పరాయివాళ్లయితే చాలు. వచ్చిందెవరో ఆరా తీసేది గజ్జల్లోని బిళ్ళ, అంటే లింఫ్ గ్రంథి. సూక్ష్మజీవి ముక్కను కరుచుకున్న డెండ్రైటిక్ కణం అరికాలి నుంచి అక్కడికి ప్రయాణం కట్టి, దాన్ని టీ కణాలనే తెల్లకణాలకు చూపిస్తుంది. లక్షకో, పది లక్షలకో ఒక్కదానికి అది అతుకుతుంది. అతికిన కణం రెండై, నాలుగై, వేలవుతుంది. చేతికి తగిలే బిళ్ళ ఆ సందడే. దానికి రోజులు పడుతుంది.

ఆ పేరులో టీ అంటే థైమస్ అనే గ్రంథి. మరి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో బీ? ఎముక మజ్జ అని రాసేవాళ్లే ఎక్కువ. అసలు సంగతి కోడిలో ఉంది. కోడి వెనక భాగంలో బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. చిన్నప్పుడే అది తీసేసిన కోళ్లలో యాంటీబాడీలు సరిగా పుట్టవని 1956లో బ్రూస్ గ్లిక్ బృందం రాసింది. వ్యాసం అచ్చయింది కోళ్లశాస్త్ర పత్రికలో. ఇమ్యునాలజిస్టుల కంట పడటానికి చాలాకాలం పట్టింది!

మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20 వేలు. కోట్ల రకాల యాంటీబాడీలు ఎలా వస్తాయి? పేకముక్కలు కలిపినట్టు బీ కణం తన జన్యు ముక్కల్ని కత్తిరించి అతుక్కుంటుందని 1976లో సుసుము టోనెగావా చూపించాడు. అయితే గుడ్డిగా కలిపిన ముక్కల్లో సొంత ఒంటినే కరిచేవీ వస్తాయి. టీ కణాలకైతే థైమస్‌లో పరీక్ష ఉంది. నూటికి 95కి పైగా అక్కడే చచ్చిపోతాయి. మన నీట్ నయం.

అంత వడపోతలోనూ కొన్ని తప్పించుకుంటాయి. పై స్థాయి పాఠం ఇక్కడే మొదలవుతుంది. 'ఇమ్యూనిటీ పెంచే' పొడుల ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. పెంచడం కంటే ఆపడం కష్టం. తోటి కణాలకు కళ్లెం వేసే టీ కణాల్ని 1995లో షిమోన్ సకగుచి గుర్తించాడు. వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. ఆ జన్యువు చెడిన మగపిల్లలకు చంటితనంలోనే షుగరు, ఆగని విరేచనాలు. క్యాన్సర్ మాత్రం టీ కణాలకుండే బ్రేకుల్నే వాడుకుని తప్పించుకుంటుంది. వాటిని వదులు చేయొచ్చని చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్.

మా పిన్నికి కీళ్లవాతం. సొంత కణాలే కీళ్ల మీద పడతాయి. ఆమె వేసుకునేది మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ల్యాబ్‌లో క్యాన్సర్ కోసం తయారుచేసిన మందు. కీళ్లకు చిన్న మోతాదు, అదీ వారానికి ఒకసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. "ఆదివారమే ఎందుకు పిన్నీ?" అనడిగాను. "క్యాలెండర్లో ఎర్రగా ఉంటుంది కదరా, మర్చిపోను" అంది.