అంజూరకు రోజుకో బకెట్: ఆదోని పెరటి లెక్క

కర్నూలు ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు ఆ వానను కూడా నమ్ముకోలేం. అందుకే పెరట్లో పండ్ల చెట్టు పెడదామంటే ఇంట్లో మొదట వినిపించే మాట, "నీళ్లెక్కణ్ణుంచి తెస్తావ్?" అంజూర విషయంలో ఈ ప్రశ్నకు అంకెల్లోనే జవాబుంది. కాపుకొచ్చిన ఒక పెరటి చెట్టుకు ఏడాది మొత్తంలో మనం పోయాల్సింది దాదాపు 3,000 లీటర్లు.

ఈ నేలకు చుట్టమే

అంజూర, అంజీర్, సీమమేడి అన్నీ ఒకటే. మర్రి, రావి, మేడి దీని దాయాదులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ బళ్లారి అంజూర తోటలకు పేరుపడ్డ ప్రాంతం. మహారాష్ట్రలో పుణె దగ్గరి పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పురందర్ కూడా మన ప్రాంతంలాగే దక్కను మెట్టసీమ. పొడిగాలి, గట్టి ఎండ, పండు పక్వానికొచ్చే వేళ వాన లేకపోవడం ఈ చెట్టుకు కావాలి. ఆ మూడూ మనకు పుష్కలం.

మేడిపండు పేరు చెప్పగానే లోపలి పురుగులు గుర్తొచ్చి చాలామంది అంజూరకూ జంకుతారు. అంజూరలోనూ పువ్వులు కాయ లోపలే పూస్తాయి. స్మిర్నా జాతి అంజూరకు ఒక చిన్న కందిరీగ లోపలికి దూరి పరాగం చేరిస్తేనే పండు నిలుస్తుంది. మనం పెంచే పూనా, దినకర్, డయానా వంటి రకాలకు ఆ అవసరం లేదు. పరాగం లేకుండానే కాయ పండుతుంది. కాబట్టి ఒక్క చెట్టున్నా చాలు, జత అక్కర్లేదు.

కొమ్మ: 20 సెంటీమీటర్లు

మొక్క కొనాల్సిన పని కూడా లేదు. ఎవరింట్లోనైనా మంచి చెట్టుంటే కత్తిరింపుల వేళ పెన్సిల్ కన్నా కాస్త లావున్న ముదురు కొమ్మ అడగండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు, 3 లేదా 4 కణుపులు ఉండాలి. మూడింట రెండు వంతులు మట్టిలోకి దించి, పైన ఒక కణుపు కనిపించేలా నాటి, నీడపట్టున ఉంచండి. నెల, నెలన్నరలో వేళ్లు పడతాయి. చిగురు ముందే రావచ్చు. అది చూసి తొందరపడి మొక్కను కదిలించకూడదు.

గుంత: నేలను బట్టి

ఎర్రనేల అయితే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయండి. మెట్రిక్ కొలతలో 60 సెంటీమీటర్లు. అంటే దాదాపు 216 లీటర్ల మట్టి. దాంట్లో 10 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపండి. అంతకుముందు వంకాయ, టమాటా వేసిన మడిలో మాత్రం నాటకండి. వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు ఆ మట్టిలో దాగి ఉండొచ్చు.

నల్లరేగడి అయితే ఇదే గుంత ప్రమాదం. చుట్టూ బిగుసుకున్న బంకమట్టి, మధ్యలో గుల్ల మట్టి. వాన పడితే ఆ గుంత బానలా నీళ్లు పట్టుకుంటుంది, వేళ్లకు ఊపిరాడదు. అక్కడ గుంత మానేసి, అడుగు ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి దానిపై నాటండి. గోడకు కనీసం పదడుగుల దూరం ఉంచండి. ఈ చెట్టు వేళ్లు తడిని వెతుక్కుంటూ దూరం పోతాయి కాబట్టి మురుగు గొట్టాలు, సంపు దగ్గర అసలు వద్దు.

మేడమీదైతే 18 అంగుళాల వెడల్పు, అంతే లోతున్న కుండీ తీసుకోండి. దాంట్లో 75 లీటర్ల మట్టి పడుతుంది. తడిస్తే బరువు దాదాపు 100 కిలోలు. కప్పు నడిమధ్య కాకుండా కింద గోడ ఉన్న చోట పెట్టండి.

నీళ్లు: చదరపు మీటరు లెక్క

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే ఒక లీటరు. చెట్టు గొడుగు రెండు మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. దాని కింది నేల 3.14 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరవుతుందని, అందులో 70 శాతం చెట్టుకు అవసరమని లెక్కేస్తే రోజుకు 18 లీటర్లు, అంటే ఒక పెద్ద బకెట్. చలికాలంలో ఆవిరి సగమే కాబట్టి 9 లీటర్లు, అరబకెట్. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు 150 రోజులకు 1,350 లీటర్లు, మార్చి నుంచి మే దాకా 92 రోజులకు 1,650 లీటర్లు. రెండూ కలిపితే 3,000. మిగతా నెలలు వానకు వదిలేయొచ్చు. రెండు వారాలు వాన మొహం చాటేస్తే మాత్రం ఒక తడి ఇవ్వండి.

50 చదరపు మీటర్ల ఇంటికప్పు మీద ఏడాదికి 33,500 లీటర్ల వాన పడుతుంది. 80 శాతం పట్టగలిగినా 26,800 లీటర్లు. అంజూర అడుగుతున్నది అందులో తొమ్మిదో వంతు.

నల్లరేగడిలో రోజూ పోయకుండా అదే నీటిని వారానికి రెండు తడులుగా ఇవ్వండి. పాదులో మూడంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తడి త్వరగా ఆరదు. మొదలుకు మాత్రం ఆ పొట్టు తగలకూడదు.

కత్తిరింపు: అక్టోబరు

ఆదోనిలో అంజూర రుచిని నిర్ణయించేది కత్తిరింపు తేదీ. వానల్లో పండిన కాయ పగులుతుంది, పులుస్తుంది. పుణె రైతులు వానాకాలపు కాపును ఖట్టా (పుల్లని) బహార్ అనీ, వేసవి కాపును మీఠా (తీపి) బహార్ అనీ పిలవడం అందుకే. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్యలోపు పోయినేటి కొమ్మలను సగానికి తగ్గించండి. కాపు కొత్త చిగుళ్ల మీదే వస్తుంది. నాలుగైదు నెలల్లో, చినుకు అరుదైన ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండ్లు మొదలవుతాయి. లేత మొక్కనైతే రెండున్నర అడుగుల దగ్గర తుంచి, నాలుగైదు కొమ్మలు నిలపండి.

కోసేటప్పుడు కారే పాలు చర్మానికి పడవు. పాలంటిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

తెగుళ్లు: రెండు చాలు

వానాకాలం చివర ఆకు అడుగున ఇటుకరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఏరి కాల్చేయండి. ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టండి. 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు చేరినట్టు. తీగ దూర్చి దాన్ని చంపి, రంధ్రాన్ని మట్టితో మూసేయండి.

పండు: 180 నుంచి 360

ఎదిగిన చెట్టు ఏడాదికి 180 నుంచి 360 పండ్లిస్తుంది. పండు 40 గ్రాములనుకుంటే 7 నుంచి 14 కిలోలు. మూడో ఏట నుంచి చెప్పుకోదగ్గ కాపు ఉంటుంది. పచ్చికాయ కోసి మాగేస్తే తీపి రాదు. తొడిమ వంగి, పండు మెత్తబడ్డాకే కోయాలి. బయట ఉంచితే రెండు మూడు రోజులకు మించి ఆగదు. అంగట్లో తాజా అంజూర అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. పిట్టలకు దక్కకుండా పాత పలుచని గుడ్డ సంచి కట్టండి.

100 గ్రాముల తాజా పండులో 79 శాతం నీరు, 74 కేలరీలు, సుమారు 16 గ్రాముల చక్కెర, 3 గ్రాముల పీచు ఉంటాయి. ఎండినదైతే నీరు 30 శాతానికి తగ్గి, 249 కేలరీలు, 48 గ్రాముల చక్కెర, 10 గ్రాముల పీచు అవుతాయి. కిలో ఎండు అంజూర వెనక 3.3 కిలోల తాజా పండు ఉంటుంది. షుగరున్నవాళ్లు ఎండు అంజూర తినేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ప్రతి ఇంట్లో రోజూ మోరీ పాలవుతున్నాయి. సబ్బు కలవని ఆ నీటిని ఒక బకెట్లో పట్టిపెట్టండి. చలికాలమంతా ఒక చెట్టును నిలబెట్టడానికి రోజుకు అందులో సగం చాలు. ఈ అక్టోబరులో ఒక కొమ్మ తెచ్చి నాటండి.