కారు తీగల మాట విన్న లినక్స్

లినక్స్ కెర్నల్ సోర్స్ కోడ్‌లో నెట్‌వర్కింగ్ విభాగం తెరిస్తే, ఇంటర్నెట్ ప్రోటోకాళ్ల పక్కనే క్యాన్ అనే చిన్న ఫోల్డరు కనిపిస్తుంది. అందులోని ముఖ్యమైన ఫైళ్ల తలమీద, 2002 నుంచి కాపీరైటు ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఎలక్ట్రానిక్ రిసెర్చ్ విభాగానిదని రాసి ఉంటుంది. ఆ వెంటనే, ఈ కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే అనుమతి. పోటీదారుకు ఒక్క డ్రాయింగు చూపించడానికి కూడా వెనకాడే పరిశ్రమ నుంచి వచ్చిన ఈ కానుక పేరు సాకెట్‌క్యాన్. కొన్న తర్వాత కూడా కొత్త కోడ్‌తో గుణం మార్చుకోగల కారు గురించి ఇవాళ ప్రపంచమంతా మాట్లాడుతోంది. అలాంటి కారు ఏ పునాది మీద నిలబడుతుందో తెలియాలంటే ముందు సాకెట్‌క్యాన్ కథ తెలియాలి.

కథ మొదలు సాఫ్ట్‌వేర్‌లో లేదు, రాగి తీగలో ఉంది. 1980ల నాటికి కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు పెరుగుతున్నాయి. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, గేర్లకు ఒకటి. ప్రతి పెట్టె నుంచి ప్రతి పెట్టెకూ విడివిడిగా తీగ లాగుతూ పోతే బరువు, ఖర్చు, చిక్కుముడులు తప్ప మిగిలేదేమీ లేదు. జర్మనీలోని బాష్ కంపెనీ 1983లో దీని మీద పని మొదలుపెట్టింది. 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమోటివ్ ఇంజినీర్ల మహాసభలో ఉవే కీన్‌కె, సీగ్‌ఫ్రీడ్ డైస్, మార్టిన్ లిట్షెల్ తమ పరిష్కారాన్ని ప్రకటించారు. దాని పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా క్యాన్. మెలివేసిన రెండు తీగలు, వాటికే అన్ని పెట్టెలూ తగిలించి ఉంటాయి. మరుసటి ఏడాదే ఇంటెల్, ఫిలిప్స్ చిప్పులు తయారుచేశాయి. 1990ల మొదట్లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలోకి వచ్చిన ఈ పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

క్యాన్ అందం ఎక్కడుందో కాస్త ఆగి చూడాలి. ఇందులో పంపేవాడి చిరునామా లేదు, అందుకునేవాడి చిరునామా లేదు. దీని మౌలిక రూపంలో సందేశానికి 11 బిట్ల సంఖ్య ఒకటి ఉంటుంది, ఆ వెంట గరిష్ఠంగా 8 బైట్ల సమాచారం. రైల్వే స్టేషన్‌లో మైకులో ప్రకటన వచ్చినప్పుడు అందరికీ వినిపిస్తుంది, ఆ బండి ఎక్కాల్సినవాళ్లు మాత్రమే కదులుతారు. ఇక్కడా అంతే. చక్రాల వేగం ఎంతో ఒక పెట్టె చెబుతుంది. స్పీడోమీటరు, గేర్‌బాక్స్, బ్రేకుల కంట్రోలరు ఎవరికి కావాలంటే వారు తీసుకుంటారు.

ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? ఇద్దరూ తమ సందేశ సంఖ్యను ఒక్కొక్క బిట్టుగా తీగ మీద పెడతారు. తీగ మీద సున్నాకు ఒకటి కన్నా బలమెక్కువ. తాను 1 పెట్టినా తీగ మీద 0 కనిపిస్తే, తనకన్నా ముఖ్యమైన మాట నడుస్తోందని గ్రహించి ఆ పెట్టె తప్పుకుంటుంది. గెలిచిన సందేశం ఒక్క బిట్టు కూడా చెడకుండా, ఒక్క క్షణం వృథా కాకుండా ముందుకు సాగుతుంది. అందుకే బ్రేకుకు చిన్న సంఖ్య, కిటికీ అద్దానికి పెద్ద సంఖ్య ఇస్తారు. ఎవరు ముందన్న తీర్పును పై అధికారి ఎవరూ లేకుండా తీగే ఇస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు ఇంజినీరింగ్‌లో నాకు అత్యంత ఇష్టమైన ఆలోచనల్లో ఇదొకటి.

ఈ తీగకు లినక్స్ కంప్యూటరును తగిలించినప్పుడు అంత సొగసైన ఆలోచనా నలిగిపోయేది. అప్పటి డ్రైవర్లలో చాలావరకు, తీగను కంప్యూటరుకు కలిపే క్యాన్ కార్డును సీరియల్ పోర్టులా చూసేవి. ఎక్కువ డ్రైవర్లు ఒకసారి ఒక్క ప్రోగ్రామునే తెరవనిచ్చేవి. ఒక్కో కార్డు తయారీదారుకు ఒక్కో పద్ధతి. కార్డు మారితే ప్రోగ్రాము తిరగరాయాల్సిందే. పది పెట్టెలు ఒకేసారి వినగల తీగ, కంప్యూటరు గుమ్మం దాటగానే ఒక్కరికే వినిపించేది.

ఫోక్స్‌వ్యాగన్ పరిశోధన విభాగంలోని ఓలివర్ హార్ట్‌కాప్, ఉర్స్ తూర్మన్ దీన్ని మరో కోణంలో చూశారు. క్యాన్ నిజంగానే ఒక నెట్‌వర్క్ కదా, నెట్‌వర్క్‌కు దక్కే మర్యాదే దీనికీ ఇద్దాం అనుకున్నారు. బ్రౌజరు ఇంటర్నెట్‌తో మాట్లాడేందుకు సాకెట్ తెరిచినట్టే, ఏ ప్రోగ్రామైనా క్యాన్ సాకెట్ తెరవవచ్చు. ఎన్ని ప్రోగ్రాములైనా ఒకేసారి తెరవవచ్చు. తమకు కావలసిన సందేశ సంఖ్యలు చెబితే మిగతావి కెర్నలే వడపోస్తుంది. అన్నిటికన్నా లోతైన నిర్ణయం మరొకటుంది. ఒక ప్రోగ్రాము పంపిన సందేశం తీగ మీదికి నిజంగా వెళ్లాక, అదే కంప్యూటరులోని తక్కిన ప్రోగ్రాములకూ వినిపిస్తుంది. తీగ మీద అందరికీ అన్నీ వినిపించాలన్న బాష్ ఇంజినీర్ల సూత్రం కంప్యూటరు లోపల కూడా తప్పకుండా అమలవుతుందన్నమాట.

2008 ఏప్రిల్‌లో వెలువడిన 2.6.25 కెర్నల్‌తో సాకెట్‌క్యాన్ లినక్స్‌లో అధికారికంగా భాగమైంది. అప్పటినుంచి కార్డుల తయారీదారులు దానికి తగ్గట్టు డ్రైవర్లు రాయసాగారు. ట్రక్కులు, ట్రాక్టర్లు వాడే జె1939 ప్రోటోకాల్ 2019లో 5.4 కెర్నల్‌లోకి వచ్చింది. 8 బైట్లలో పట్టని పెద్ద సందేశాలను ముక్కలుగా పంపే ఐఎస్‌ఓ-టీపీ మరుసటి ఏడాది 5.10లో చేరింది. మెకానిక్కులు కారులోని లోపాల వివరాలు రాబట్టేందుకు వాడే సాధనాలకు ఇది చాలా అవసరం.

సాకెట్‌క్యాన్‌తో పాటు వచ్చిన వీక్యాన్ అనే ఊహాజనిత తీగను నేను ఎక్కువగా మెచ్చుకుంటాను. కార్డూ, కారూ ఏవీ అక్కర్లేదు. లాప్‌టాప్‌లో రెండు మూడు ఆదేశాలు ఇస్తే క్యాన్ తీగ తయారవుతుంది, క్యాన్‌డంప్ అనే ఉచిత పనిముట్టుతో దాని మీద పోయే ప్రతి సందేశాన్నీ చూడవచ్చు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, హైదరాబాద్‌లో హ్యుందాయ్, జడ్‌ఎఫ్ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. వాటిలో చేరాలనుకునే అనంతపురం విద్యార్థి, ఖరీదైన పరికరం ఒక్కటీ కొనకుండా, హాస్టల్ గదిలోనే ఈ విద్య మొదలుపెట్టగలడు.

అయితే సాకెట్‌క్యాన్ తీగను తెరిచిందే గాని అర్థాన్ని తెరవలేదు. ఫలానా సంఖ్య గల సందేశంలో మూడో బైటు వేగమా, నూనె ఉష్ణోగ్రతా? ఆ నిఘంటువు డీబీసీ అనే ఫైలులో ఉంటుంది, కంపెనీలు దాన్ని బయట పెట్టవు. ఔత్సాహికులు ఒక్కొక్క బండినీ పరిశీలించి, విప్పిన అర్థాలను ఓపెన్‌డీబీసీ వంటి ప్రాజెక్టుల్లో పోగుచేస్తున్నారు. పరిశ్రమ వైపు నుంచి, 2009లో జెనివీగా పుట్టి 2021లో కోవెసాగా పేరు మార్చుకున్న కూటమి మరో దారి పట్టింది. ఏ కంపెనీ కారైనా వేగాన్ని ఒకే పేరుతో పిలిచేలా వాహన సంకేతాల ఉమ్మడి పట్టిక రూపొందించింది. ఎక్లిప్స్ ఫౌండేషన్‌లోని కుక్సా ప్రాజెక్టు ఆ పేర్లతోనే యాప్‌లకు సమాచారం అందిస్తుంది. యాప్ రాసేవాడికి తీగ మీది బైట్ల గొడవ ఉండదు. సాఫ్ట్‌వేర్‌తో మారే కారుకు అసలు కీలకం ఈ ఉమ్మడి పేర్లేనని నా అభిప్రాయం.

ఆ పై అంతస్తుల్లోనూ పని సాగింది. 2012లో లినక్స్ ఫౌండేషన్ ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ మొదలుపెట్టింది, 2018 టొయోటా క్యామ్రీ తెర వెనక నడిచింది అదే. 2022లో ఎక్లిప్స్ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్‌తో మారే కార్ల కోసం ప్రత్యేక బృందాన్ని ఏర్పరచింది. 2025 జూన్‌లో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్, బాష్ సహా 11 కంపెనీలు, కొనుగోలుదారుకు కనిపించని అడుగు పొరల సాఫ్ట్‌వేర్‌ను బహిరంగంగా కలిసి రాసుకుంటామని ఒప్పందం చేసుకున్నాయి. ప్రతి కంపెనీ అదే పనిని విడివిడిగా చేసుకోవడం ఎంత దుబారానో గుర్తించడానికి ఇన్నేళ్లు పట్టింది.

భద్రత సంగతి మాత్రం తేలిగ్గా దాటేయకూడదు. క్యాన్ సందేశంలో పంపినవారి గుర్తింపు లేదు కాబట్టి లోపలికి చొరబడినవాడి మాట కూడా చెల్లుతుంది. 2015లో భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ మొబైల్ నెట్‌వర్క్ ద్వారా జీప్ చెరోకీలోని వినోద వ్యవస్థలోకి దూరి, అక్కడి నుంచి క్యాన్ తీగకు చేరి, నడుస్తున్న బండిని దూరం నుంచే అదుపు చేశారు. 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సివచ్చింది. ఇక బ్రేకుల వంటి ప్రాణాధార పనులకు ఐఎస్‌ఓ 26262 ప్రమాణం, కోడ్ రాసిన ప్రతి దశకూ రుజువు అడుగుతుంది. వేలమంది వేర్వేరు చోట్ల రాసిన లినక్స్ ఆ పద్ధతిలో పుట్టలేదు. ఈ అంతరాన్ని పూడ్చేందుకు 2019 నుంచి ఎలీసా అనే ప్రాజెక్టు కష్టపడుతోంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది ఆయుష్షు లెక్క. కారు 15 ఏళ్లు తిరుగుతుంది. దీర్ఘకాలిక కెర్నళ్లకు ఇచ్చే ఆరేళ్ల మద్దతును రెండేళ్లకు తగ్గిస్తున్నట్టు 2023లో లినక్స్ బృందం చెప్పింది. విద్యుత్తు, రైల్వే వంటి రంగాల కోసం పదేళ్లకు తగ్గకుండా కెర్నల్‌ను కాపాడే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫాం అనే ప్రాజెక్టు 2016 నుంచి ఉంది, కాబట్టి పని అసాధ్యం కాదు. కోడ్ తెరిచి ఉంది గనక తయారీదారు వదిలేసినా మరొకరు అందుకోవచ్చు, కానీ కారు కంప్యూటరు ఆ కొత్త కోడ్‌ను అంగీకరించే తాళం కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఆ తాళం ఎన్నేళ్లు తమ దగ్గర ఉంచుకుంటారో, ఆ తర్వాత ఎవరికి ఇస్తారో వారంటీ కాగితం మీదే రాసివ్వాలని కొనేవాళ్లు షోరూములో అడగాలి.