పాత జిప్సీ బండి – కొన్ని జాగ్రత్తలు

మన మంసాపురపు కొండక్రింది తోటలనుండి కొందఱు పిల్లలు పాత మారుతి జిప్సీలలో బడికి వచ్చుచున్నారు. 1985లో వెలువడిన యీ బండిని ఇప్పుడు తయారుచేయుట లేదు, ఉన్నదానిని కాపాడుకొనవలసినదే.

మొన్నటి వానలలో ఒక తండ్రిగారు, స్టీరింగు బిగిసి బండి మలుపు తిరుగుట లేదని మాతో చెప్పిరి. మేము చూడగా, బురదలో వేసిన నాలుగు చక్రముల గేరు తారురోడ్డుపైనను అట్లే యున్నది. మలుపులో ముందుచక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలెను. ఈ గేరు మాత్రము రెండు ఇరుసులను ఒకే వేగమున త్రిప్పును. బురదలో చక్రము జాఱి ఆ తేడా తీఱును. ఎండిన రోడ్డుపై జాఱదు గనుక, ఆ బిగువంతయు ఇరుసులపైనను పండ్లచక్రములపైనను పడును. గేరుకడ్డీ రానిచో బలవంతముగా లాగరాదు. బండిని తిన్నగా కొంచెము వెనుకకు నడిపినచో వచ్చును. (మేమును తొలుత లాగినవారమే!)

వాగు దాటిన పిమ్మట ఇరుసులలోని గేరు ఆయిలు చూడవలెను. పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని యెఱిగి మార్చవలెను. అన్నిటికంటె బ్రేకులు ముఖ్యము. వెనుక డ్రమ్ములు తడిసినచో బ్రేకు సరిగా పట్టదు. మెల్లగా పోవుచు నాలుగైదు మాఱులు బ్రేకును నొక్కి ఆరనీయవలెను. పిల్లలు బండిలోనున్నప్పుడు పెద్దరోడ్డు ఎక్కుటకు ముందే యిది జరుగవలెను.